నాన్నను హాస్పిస్‌లో చేర్చడమంటే వదిలేయడమేనా?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. కిరాయి ఇల్లు, రెండో అంతస్తు. నాన్నకు 68 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఐదు నెలల కింద పాంక్రియాస్ క్యాన్సర్ అని తేలింది. అప్పటికే లివర్‌కు పాకిందట. నాలుగు కీమోలు అయ్యాక డాక్టర్లు ఆపేశారు. ‘ఇంక చేసేదేమీ లేదమ్మా, ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోండి, లేదంటే హాస్పిస్‌లో చేర్చండి’ అన్నారు. తగ్గని జబ్బున్నవాళ్ళను నొప్పి లేకుండా చూసుకునే చోటట అది. నాన్నకు ఈ సంగతి చెప్పలేదు. కడుపులో పుండు, తగ్గడానికి టైం పడుతుందని చెప్పాం.

రాత్రయితే నొప్పికి పడుకోలేరు. మంచం మీద కూర్చుని, దిండు పొట్టకు హత్తుకుని, ముందుకు వంగి తెల్లవార్లూ అలాగే ఉంటారు. మార్ఫిన్ రాశారు కానీ మా చుట్టుపక్కల మెడికల్ షాపుల్లో ఎక్కడా దొరకలేదు. అది మొదలుపెడితే మనిషి మళ్ళీ లేవడని మా మేనత్త అంటోంది. హాస్పిస్ మాట ఎత్తగానే ‘కన్నకూతురివై ఉండి అనాథలా వదిలేస్తావా’ అని అందరి ముందూ అంది. తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. ‘డబ్బు నేను పంపిస్తా, పెద్ద ఆస్పత్రిలో ఐసీయూలో పెట్టు’ అంటాడు. అమ్మకు ఒకటే దిగులు, ఆయన తినడం లేదని. ఇంటి ఓనరు మొన్న మా ఆయన్ని పిలిచి, ‘ఏదైనా జరిగితే ఇక్కడ కుదరదు, ముందే చూసుకోండి’ అన్నాడు. నాన్నేమో ‘మనూరికి పోదాం బిడ్డా’ అంటున్నారు. సూర్యాపేట దగ్గర మా ఊరు. ఇల్లు తాళం వేసి ఉంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. సెలవులన్నీ అయిపోయాయి. ఏం చేయాలో చెప్పండి.

— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఆరేడు చిక్కులున్నాయి. అందులో ఒక్కటి మాత్రం రేపటిదాకా ఆగేది కాదు. అది నాన్నగారి నొప్పి. ఇల్లా హాస్పిసా, తమ్ముడి మాటా మేనత్త మాటా, ఇవన్నీ వారం ఆగినా కొంప మునగదు. నొప్పితో ఉన్న మనిషి దగ్గర కూర్చుని ఏ నిర్ణయమూ సరిగ్గా తీసుకోలేం. ఆయనా తీసుకోలేరు, మీరూ తీసుకోలేరు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

దిండు హత్తుకుని ముందుకు వంగి కూర్చుంటున్నారని రాశారు. పాంక్రియాస్ జబ్బులో నొప్పి తీరే అది. ఆ గ్రంథి పొట్టలో బాగా వెనక్కి, వెన్నెముకకు దగ్గరగా ఉంటుంది. దాని వెనకే నరాల గుంపు. వెల్లకిలా పడుకుంటే పోటు వీపులోకి పాకుతుంది, ముందుకు వంగితే కాస్త తెరిపి. ఎవరూ చెప్పకుండానే ఆయన తనకు తోచిన ఉపాయం తాను చేసుకుంటున్నారు. కానీ దానికి సరైన మందు ఉంది, అది మీ చీటీ మీదే రాసి ఉంది, అయినా మనిషి రాత్రంతా కూర్చుంటున్నాడు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. రాసిన డాక్టరు అది ఎక్కడ దొరుకుతుందో కూడా ఒక ముక్క చెప్పి ఉంటే మీరు షాపులన్నీ తిరిగే పని తప్పేది.

మార్ఫిన్ మామూలు మెడికల్ షాపుల్లో ఎందుకు ఉండదంటే, 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం దాని మీద అన్ని ఆంక్షలు పెట్టింది. లైసెన్సుల మీద లైసెన్సులు కావాల్సి రావడంతో చాలా ఆస్పత్రులు కూడా దాన్ని తెప్పించడమే మానేశాయి. 2014లో చట్టం సవరించి, నొప్పి మందులకు దారి సులువు చేశారు. ఇప్పుడు గుర్తింపు పొందిన ఆస్పత్రులు దాన్ని ఉంచి, రికార్డు రాసుకుని రోగులకు ఇవ్వొచ్చు. హైదరాబాద్‌లో మీరు మొదట వెళ్ళాల్సింది రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి. 1955 నుంచీ ఉన్న ప్రభుత్వ ఆస్పత్రి అది. నీలోఫర్ ఆస్పత్రి పక్కనే అంటే ఎవరైనా చూపిస్తారు. అక్కడ పాలియేటివ్ కేర్ విభాగం, అంటే జబ్బు తగ్గకపోయినా నొప్పీ బాధా తగ్గించే వైద్యం, విడిగా ఉంది. కీమో ఓపీ క్యూలో నిలబడకండి, పాలియేటివ్ ఓపీ ఎక్కడని అడగండి. నాన్నగారిని రెండో అంతస్తు నుంచి దింపే ముందు, ఫైలు పట్టుకుని మీరో మీ ఆయనో వెళ్ళి మాట్లాడి రండి. బయాప్సీ రిపోర్టు, ఆఖరి స్కాన్, డిశ్చార్జ్ సమ్మరీ, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ, నాన్నగారివీ మీవీ ఆధార్ కాపీలు ఉంటే చాలు. ఆ ‘ఇంక చేసేదేమీ లేదు’ అన్న మాటనే డాక్టరు చేత లెటర్‌హెడ్ మీద రాయించుకుంటే ఇంకా మంచిది. ఎక్కడికి వెళ్ళినా అడిగేది అదే.

ఇక మేనత్తగారి భయం. ఆమె ఒక్కరిదే కాదు, సగం ఊరిది. మార్ఫిన్ మొదలుపెట్టిన రెండు రోజులకే పోయినవాళ్ళను ఆమె చూసి ఉంటారు. అలా చూడడానికి కారణం, మనవాళ్ళు దాన్ని ఆఖరి రెండు రోజుల్లో తప్ప మొదలుపెట్టనివ్వరు. పోవాల్సిన మనిషి పోతాడు, పేరు మందుకు వస్తుంది. నొప్పికి తగ్గట్టు చిన్న మోతాదుతో మొదలుపెట్టి, డాక్టరు చూసుకుంటూ పెంచితే, క్యాన్సర్ నొప్పి ఉన్నవాళ్ళకు మార్ఫిన్ ఊపిరి ఆపేసే మందు కాదు. అలవాటు పడిపోవడం కూడా ఇలాంటి రోగుల్లో అరుదు. నెలల తరబడి అది వేసుకుంటూ పేపరు చదువుకునేవాళ్ళూ, మనవళ్ళతో ఆడుకునేవాళ్ళూ ఉన్నారు.

వాడే పద్ధతి మాత్రం మీరు గట్టిగా పట్టుకోవాలి. మామూలు మార్ఫిన్ మాత్ర పని చేసేది నాలుగు గంటలే. అందుకే నొప్పి వచ్చాక వేసుకునేది కాదు, గడియారం చూసి వేసుకునేది. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. నడిరాత్రి లేపక్కర్లేకుండా పది గంటల మోతాదు రెట్టింపు రాస్తారు చాలామంది డాక్టర్లు. మధ్యలో పోటు తన్నుకొస్తే వేయడానికి విడిగా ఒక మోతాదు చెబుతారు. అది అడిగి రాయించుకోండి, ఎన్నిసార్లు వేశారో నోట్‌బుక్‌లో రాయండి. తర్వాతిసారి డాక్టరు మోతాదు మార్చేది ఆ లెక్క చూసే. మొదటి మూడు నాలుగు రోజులు మగత ఉంటుంది, కొందరికి వికారం ఉంటుంది. ఎన్నో రాత్రుల నిద్ర బాకీ కూడా అప్పుడే తీరుతుంది కాబట్టి గుర్రు పెట్టి పడుకుంటారు. ‘చూశావా, నే చెప్పలే’ అని మేనత్త అనేది ఆ రోజే. మీరు కంగారు పడకండి. అయితే లేపినా లేవలేనంత మత్తుగా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఫోన్ చేయాలి.

మలబద్ధకం మాత్రం వదిలిపోదు. మార్ఫిన్ రాసిన చీటీ మీదే విరేచనం మాత్ర కూడా ఉండాలి, రోజూ రాత్రి వేయాలి. ఇసబ్‌గోల్ కలిపి ఇవ్వకండి. నీళ్ళు సరిగా తాగని మనిషి పేగుల్లో అది ఇంకా గట్టిపడుతుంది. మాత్రల డబ్బా బీరువాలో తాళం వేసి పెట్టండి. మిగిలిపోతే పారేయకుండా ఇచ్చిన చోటికే తిరిగి ఇచ్చేయాలి.

ఇంకొక్క మాట అడిగి రండి. పాంక్రియాస్ వెనక ఉన్న ఆ నరాల గుంపుకు సూదితో మందు వేసి నొప్పి తగ్గించే పద్ధతి ఉంది. సీలియక్ ప్లెక్సస్ బ్లాక్ అంటారు. అందరికీ కుదరదు, నాన్నగారి స్థితిలో కుదురుతుందో లేదో స్కాన్ చూసినవాళ్ళే చెప్పాలి. కళ్ళు పచ్చబడి ఒళ్ళంతా దురద ఉంటే అదీ చెప్పండి, దానికీ మార్గాలున్నాయి. ‘చేసేదేమీ లేదు’ అన్నది జబ్బు గడ్డ గురించి. మనిషి గురించి చేయాల్సింది చాలా ఉందని మీకిప్పటికే అర్థమై ఉంటుంది.

సరే, హాస్పిస్. మీ మేనత్తగారు దాన్ని అనాథాశ్రమంలా ఊహించుకుంటున్నారు. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ వాళ్ళు 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్ ఇప్పుడు ఖాజాగూడలో 82 పడకలతో నడుస్తోంది. వైద్యం ఉచితం. ఎం.ఎన్.జె.తో కలిసి పనిచేసే పెయిన్ రిలీఫ్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ వాళ్ళది కిస్మత్‌పూర్‌లో కుముదినీ దేవి పేరుతో ఒక హాస్పిస్ ఉంది. 1962లో హైదరాబాద్ మేయరుగా చేసి, కుష్ఠు రోగుల కోసం కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రం నిలబెట్టిన కుముదినీ దేవి ఆమె. ఇలాంటి చోట్ల మానిటర్ల చప్పుడు ఉండదు. పొద్దున్నే నర్సు వచ్చి నోరు తుడుస్తుంది, డైపరు మారుస్తుంది, రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతుంది. పుండ్లు ఉంటే కట్టు మారుస్తుంది. కుళ్ళు వాసన వచ్చే పుండు మీద మెట్రొనిడజోల్ మాత్ర పొడి చల్లితే వాసన తగ్గుతుంది. ఎంత చిన్న సంగతి చూడండి, ఆ వాసనకే చుట్టాలు గుమ్మం బయట నిలబడి మాట్లాడిపోతుంటారు చాలా ఇళ్ళలో. ఇవన్నీ నర్సు చేస్తుంటే మీరు చేయాల్సిందేమిటి? ఆయన పక్కన కూర్చోవడం. ఇంట్లో ఉన్నప్పుడు మీకు దొరకనిది ఆ ఒక్కటే కదా, బకెట్లూ దుప్పట్లూ మందుల షాపులతోనే రోజు అయిపోతోంది.

వదిలేయడం అంటే ఏమిటో నన్నడిగితే చెబుతాను. మందు చీటీ మీద ఉండగా, నలుగురేమంటారో అని మనిషిని తెల్లవార్లూ కూర్చోబెట్టడం. ఈ మాట మీ మేనత్తతో ఇలాగే అనమని చెప్పను. ఆమె అన్న పోతున్నాడు, ఆమె దుఃఖం అలా నోటి దురుసుగా బయటికొస్తోంది. వీలైతే హాస్పిస్ చూడడానికి వెళ్ళేటప్పుడు ఆమెనే వెంటబెట్టుకుని వెళ్ళండి. కళ్ళతో చూశాక నలుగురిలో మీ తరఫున మాట్లాడేది కూడా ఆమే కావచ్చు.

చాలామందికి తెలియని సంగతి మరొకటుంది. హాస్పిస్‌కు వెళ్ళినవాళ్ళంతా అక్కడే పోరు. నొప్పి అదుపులోకి రావడానికి వారం పది రోజులు ఉండి, మందులు కుదిరాక ఇంటికి వచ్చేవాళ్ళున్నారు. ఇంట్లోవాళ్ళు అలసిపోతే నాలుగు రోజులు చేర్చి తీసుకెళ్ళేవాళ్ళున్నారు. ఇంటికే డాక్టరు, నర్సు వచ్చి చూసిపోయే హోమ్ కేర్ కూడా నగరంలో ఉంది. ఇదీ చాలావరకు ఉచితమే. మల్కాజిగిరి వైపు ఎవరు వస్తారో ఎం.ఎన్.జె.లోనూ స్పర్శ్‌లోనూ అడిగితే చెబుతారు. పడక ఖాళీ ఉందో లేదో, వెంట ఒకరు ఉండాలా, రాత్రి ఉండనిస్తారా అన్నవి ముందే ఫోన్‌లో కనుక్కోండి. ఇల్లా హాస్పిసా అని తలపట్టుకోవద్దనడం అందుకే. ముందు అక్కడ, తర్వాత ఇక్కడ, మళ్ళీ అవసరమైతే అక్కడ, అలా కూడా ఉంటుంది.

నాన్నగారు ‘మనూరికి పోదాం’ అన్న మాట మీ ఉత్తరంలో చివర్లో వచ్చింది. నా వరకు అదే అన్నిటికన్నా పెద్ద మాట. తనకేమైందో తెలియని మనిషి ఆ మాట అనడు. కడుపులో పుండుకు ఎవరూ ఊరికి పోదామనరు.

చెప్పడం ఎలా అని మీరు భయపడుతున్నారు. చెప్పక్కర్లేదు, ముందు అడగండి. అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు, నొప్పి మందు పని చేస్తున్న వేళ చూసి, ‘నాన్నా, నీ ఒంట్లో ఏమవుతోందని నీకనిపిస్తోంది?’ అని అడగండి. ఆయన మాట్లాడితే మధ్యలో అందుకోకండి. ‘తగ్గుతుందా బిడ్డా’ అని అడిగితే, ‘జబ్బు తగ్గేలా లేదంటున్నారు నాన్నా. నొప్పి మాత్రం తగ్గిస్తామంటున్నారు. నేను నీ దగ్గరే ఉంటా’ అనండి. అంతకు మించి ఒక్క ముక్క అక్కర్లేదు. ఎన్ని రోజులన్న లెక్క మీ నోటి నుంచి రావద్దు, అది ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ‘అవన్నీ నాకెందుకమ్మా, నువ్వే చూసుకో’ అని అటు తిరిగి పడుకుంటే అదీ జవాబే. బలవంతంగా చెవిలో పోయక్కర్లేదు. ఈ మాటలు మీ వల్ల కాకపోతే పాలియేటివ్ డాక్టరునో కౌన్సెలర్‌నో పక్కన కూర్చోమనండి. అది వాళ్ళు రోజూ చేసే పని.

ఊరికి తీసుకెళ్ళడం కుదురుతుందా? కుదరొచ్చు. నొప్పి అదుపులో లేకుండా మాత్రం వద్దు. సూర్యాపేట హైవే బాగానే ఉంటుంది, రెండున్నర మూడు గంటల ప్రయాణం. కారు ముందు సీటు వెనక్కి వంచి, పక్కన దిండ్లు పెట్టి, బయల్దేరే ముందు మాత్ర వేసి తీసుకెళ్ళొచ్చు. రెండో అంతస్తు నుంచి దింపడానికి ప్లాస్టిక్ కుర్చీ వద్దు, దాని కాళ్ళు విరుగుతాయి. చేతులున్న గట్టి చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు చీర కట్టి, ముందొకరు వెనకొకరు పట్టుకోవాలి. ఊళ్ళో ఉండగా అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారన్నదే అసలు ప్రశ్న. రాష్ట్ర ప్రభుత్వం ‘ఆలన’ పేరుతో జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు నడుపుతోంది. చేవెళ్ల వాటిలో ముందుగా వచ్చిన వాటిలో ఒకటి. పడకలతో పాటు ఇళ్ళకు వెళ్ళే బండి కూడా ఉంటుంది. మీ ఊరి వైపు వస్తారా అని అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో మీ బంధువుల చేత అడిగించండి. వస్తామంటే తాళం తీయించి, ఇల్లు అలికించి, మంచం కిటికీ పక్కన వేయించండి. రాలేమంటే నాలుగు రోజులకు సరిపడా మందులతో వెళ్ళి, నలుగురినీ చూపించి, పొలం గట్టు దాకా తిప్పి తీసుకురండి. ఆయన అడిగింది ఊరు. అక్కడే పోవాలని అడిగారో, ఒకసారి చూడాలని అడిగారో మీరు ఆయన్నే అడగాలి.

ఇంటి ఓనరు సంగతికి వస్తే, హైదరాబాద్‌లో ఇది ఎవరూ పైకి చెప్పుకోని అవమానం. ఏళ్ళ తరబడి కిరాయి కట్టిన ఇంట్లోకి శవాన్ని రానివ్వక, రోడ్డు పక్క టెంటు కింద, వానలో కూడా ఉంచిన కుటుంబాలున్నాయి. మైల అంటారు, మళ్ళీ ఎవరూ కిరాయికి రారంటారు. ఆయన్నది తప్పే. కానీ ఆయన్ని మార్చే ఓపికా సమయమూ మీకిప్పుడు లేవు. ‘నర్సులు వచ్చి చూస్తారు, మేం చూసుకుంటాం’ అని మీ ఆయన చేత ఒక్క మాట చెప్పించి వదిలేయండి. ఆఖరి రోజులు దగ్గరపడుతున్నాయని హోమ్ కేర్ నర్సు అన్నప్పుడు ఊరికో హాస్పిస్‌కో మారేలా ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. హాస్పిస్ నుంచి నేరుగా ఊరికో శ్మశానానికో తీసుకెళ్ళొచ్చు, ఓనరు గుమ్మం తొక్కే పని లేదు. చాలా కుటుంబాలు హాస్పిస్ వెతుక్కోవడానికి పైకి చెప్పని కారణం ఇదేనంటే ఆశ్చర్యపోకండి.

తమ్ముడి డబ్బు మాట. ఈ స్థితిలో ఐసీయూ అంటే ఏమిటో అతనికి ఎవరూ బొమ్మ గీసి చెప్పలేదు. గొంతులో గొట్టం ఉంటుంది కాబట్టి మాట రాదు. గొట్టాలు పీకేసుకోకుండా చాలాచోట్ల చేతులు కడతారు. మీకు రోజుకు ఒకట్రెండు సార్లు, కొన్ని నిమిషాలు మాత్రమే చూపిస్తారు. లివర్‌కు పాకిన గడ్డను అది వెనక్కి తిప్పదు. దారికొచ్చే జబ్బయితే ఐసీయూ ప్రాణం నిలబెడుతుంది, కాదనను. ఇక్కడ అది ఆయనకూ మీకూ మధ్య గాజు తలుపు వేస్తుంది, అంతే. ఈ మాటలు మీరు చెబితే అక్క డబ్బుకో శ్రమకో వెనకాడుతోందనుకుంటాడు. అందుకని పాలియేటివ్ డాక్టరుతో అతన్నే వీడియో కాల్‌లో మాట్లాడించండి. అడగాలనుకున్నవన్నీ అతనే అడగనీయండి. తర్వాత చెప్పండి, ‘డబ్బు కన్నా నువ్వు రావడం ముఖ్యం, పెద్దకర్మకు కాదు, ఇప్పుడు రా’ అని. రాలేకపోతే డబ్బుకు సరైన దారి చూపించండి: రాత్రిపూట చూసుకునే మనిషి, గాలి పరుపు, వీల్‌చైరు, జీతం లేని సెలవు పెడితే మీకు తగ్గే జీతం. ఆ చివరిది అడగడానికి మొహమాటపడతారు, తెలుసు. అడగండి.

నాన్నగారికి నిజం తెలిసి, ఆయన ‘నాకు గొట్టాలు వద్దు’ అంటే, దాన్ని కాగితం మీద పెట్టుకోవచ్చు. గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న చెప్పింది. 2023 జనవరిలో పద్ధతిని సులభం చేసింది. ఇప్పుడు మేజిస్ట్రేటు దాకా పోనక్కర్లేదు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరింపజేస్తే చాలు. తన తరఫున మాట్లాడే మనిషి పేరు కూడా అందులో రాయొచ్చు. హాస్పిస్‌కు వెళ్ళడానికి ఈ కాగితం అవసరం లేదు. తమ్ముడూ మీరూ రేపు ఒకరినొకరు నిందించుకోకుండా ఉండడానికి పనికొస్తుంది. ఒక్కటి స్పష్టంగా ఉండనీయండి, హాస్పిస్‌లో ప్రాణం తీసే ఇంజెక్షన్ ఏదీ ఇవ్వరు. చావును తొందరపెట్టరు, సాగదీయరు.

అమ్మగారి దిగులు అన్నం దగ్గర ఆగిపోయింది. ఏభై ఏళ్ళు వండిపెట్టిన మనిషికి పళ్ళెం తిరిగొస్తే ఎలా ఉంటుంది? తినకపోవడం వల్ల ఆయన పోవడం లేదని, పోతున్నారు కాబట్టి ఆకలి ఆగిపోయిందని ఆమెకు మెల్లగా చెప్పాలి. బలవంతంగా పెడితే వాంతి అవుతుంది, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే బలం వస్తుందని ఎవరో అంటారు. ఈ దశలో ఆ నీళ్ళు కాళ్ళ వాపుగా, గొంతులో కఫంగా తేలతాయి. ఆమెకు వేరే పని ఇవ్వండి. ఆయన అడిగినప్పుడు రెండు చెంచాల జావ, ఇష్టమైతే పచ్చిపులుసు నాలుక మీద ఒక చుక్క. తడి గాజుగుడ్డ వేలికి చుట్టి చిగుళ్ళూ నాలుకా తుడవడం, పెదాలకు కొబ్బరినూనె రాయడం. గొంతు ఎండిపోయిన మనిషికి గుక్కెడు నీళ్ళ కన్నా అదే హాయి. అది ఆమె చేతి మీదుగా జరిగితే ఆమెకూ హాయి.

ఆఖరి రోజులు ఎలా ఉంటాయో ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. నిద్ర ఎక్కువవుతుంది. మూత్రం తగ్గి ముదురు రంగులో వస్తుంది. చేతులూ పాదాలూ చల్లబడి మచ్చలు మచ్చలుగా అవుతాయి. ఊపిరి కాసేపు వేగంగా, కాసేపు ఆగి, మళ్ళీ వస్తుంది. గొంతులో గురగుర చప్పుడు వినేవాళ్ళకే భయంకరం, చాలాసార్లు అప్పటికి ఆయనకు తెలియదు. పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది, తగ్గకపోతే మందుంది. ఆ క్షణంలో కంగారులో ఎవరో ఒకరు 108కి ఫోన్ చేస్తారు, వాళ్ళు ఎమర్జెన్సీకి తీసుకెళ్తారు, మీరు వద్దనుకున్నదంతా అక్కడ మొదలవుతుంది. కాబట్టి హోమ్ కేర్ నర్సు నంబరు పెద్ద అంకెలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి, అందరికీ చెప్పి ఉంచండి. అన్నట్టు, క్యాన్సర్‌కు పసరు మందు ఇస్తామని వేలు అడిగేవాళ్ళు కూడా ఈ రోజుల్లోనే ఇంటికొస్తారు. ఆ డబ్బుతో రాత్రి మనిషిని పెట్టుకోండి.

మీ పిల్లలుంటే తాత దగ్గరికి రానీయండి, తలుపు చాటు నుంచి చూసే పిల్లలే ఎక్కువ భయపడతారు. స్కూల్లో మేనేజ్‌మెంట్‌కు ఉన్నదున్నట్టు చెప్పి నెల రోజుల లాస్ ఆఫ్ పే అడగండి. వారంలో రెండు రాత్రులైనా మీరు వేరే గదిలో పడుకోవాలి. ఇందులో స్వార్థమేమీ లేదు, నాలుగు గంటలకోసారి మాత్ర లెక్క తప్పకుండా ఉండాలంటే ఆ నిద్ర కావాలి.

కాగితాల పని కూడా ఇప్పుడే చూడండి. ఇంట్లో పోతే, చూస్తున్న డాక్టరు చేత మరణ కారణం రాయించుకోవాలి, 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఏ డాక్టరు రాసిస్తారో ముందే అడిగి ఉంచండి, ఆ రోజు రాత్రి వెతకడం నరకం. బ్యాంకు ఖాతాల్లో, ఎల్‌ఐసీలో నామినీ ఎవరున్నారో నాన్నగారు సంతకం పెట్టగలిగినప్పుడే చూడాలి. ఆయనకు పీఎఫ్ పెన్షన్ వస్తుంటే తర్వాత అది అమ్మకు వితంతు పెన్షన్‌గా వస్తుంది. అమ్మ పేరు, ఇంటిపేరు ఆధార్‌లోనూ పెన్షన్ కాగితాల్లోనూ ఒకే తీరుగా ఉన్నాయో లేదో చూడండి. ఒకచోట లక్ష్మి, ఇంకోచోట లక్ష్మమ్మ అని ఉంటే నెలల తరబడి తిప్పిస్తారు. ఈ పని మీ ఆయన ఒక పూటలో చూసి రాగలరు.